అంకె పక్కన దేశం పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా సునాబెడకు సాలూరు మీదుగా వచ్చే బస్సులో చేరుతుంది. వానాకాలంలో సుంకి ఘాట్ మీద మంచు దిగితే మధ్యాహ్నం దాకా రాదు. ఎంత ఆలస్యమైనా ఆదివారం ప్రతి మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా తప్పలేదు. ఒడిశాలో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలకు ఆ కాగితం మీద ఉండే నమ్మకం మీరు ఊహించేదానికన్నా ఎక్కువ. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత నెల మీ వాహనాల పేజీలో పాతబండ్ల సంతలో దొరికే వేగవంతమైన కార్ల గురించి వ్యాసం వేశారు. అందులో 2004లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ శక్తి 180 హార్స్‌పవర్ అనీ, టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 235 న్యూటన్ మీటర్లు అనీ ఉంది. ఆ అంకెలు ఎవరూ కల్పించినవి కావు. అవి యూరప్‌లో అమ్మిన ఆర్ఎస్‌వి. మన దగ్గర అమ్మిన ఆర్ఎస్‌కు కంపెనీ చెప్పిన శక్తి 150, టార్క్ 210. రెండింటిలోనూ ఇంజిన్ 1,781 సీసీయే, సిలిండరుకు అయిదు వాల్వులే, రెండింటికీ టర్బో ఉంది, వెనక తలుపు మీద ఒకే గుర్తు. మన బండికి ముప్ఫై గుర్రాలు, అంటే హార్స్‌పవర్, తక్కువ.

ముప్ఫై గుర్రాల తేడాకు ఇంత ఉత్తరం అవసరమా అని మీకు అనిపించవచ్చు. మా తమ్ముడి కొడుకు బండి ఇంజిన్ పగిలింది సరిగ్గా ఆ ముప్ఫై దగ్గరే.

వాడు విశాఖపట్నంలో 2005 నాటి ఆక్టేవియా ఆర్ఎస్ ఒకటి కొని తెచ్చుకున్నాడు. మంచి బండి. మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దేవ్‌మాలి కొండ దాకా తీసుకెళ్లాడు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం అది, 1,672 మీటర్లు. నా పాత కారు ఆ ఎత్తుకు వెళ్లేసరికి రొప్పుతుంది. వాడి బండి మాత్రం పొట్టంగి దగ్గర ఎంత హుషారుగా ఉందో పైన కూడా అంతే హుషారుగా ఉంది. టర్బో గొప్పతనం అది. మా పీఠభూమి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం మీదకన్నా దాదాపు పన్నెండో వంతు తగ్గుతుంది. మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకునేది ఆ పలచని గాలినే కాబట్టి బలమూ ఆ మేరకు పడిపోతుంది. టర్బో ఇంజిన్‌లో పొగగొట్టం వైపు వెళ్లే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి, ఆ ఇరుసుకే ఉన్న రెండో చక్రం గాలిని కుదించి లోపలికి నెడుతుంది. గాలి పలచబడితే చక్రం ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది. అయితే గాలిని ఎంత కుదిస్తే అంత వేడెక్కుతుంది. ఈ వేడి సంగతి దగ్గరపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వాడికి ఎక్కడో విదేశీ పత్రికలో ఆ 180 అంకె కనిపించింది. తన బండి పుస్తకంలో చూస్తే 150. "పెదనాన్నా, కంపెనీవాళ్లు మనకు ముప్ఫై గుర్రాలు ఎగ్గొట్టారు" అని మా ఇంటికి వచ్చి బాధపడ్డాడు. అప్పుడు నేను ఆసుపత్రిలో మా ఆవిడ దగ్గర ఉండవలసిన రోజులు. సరిగా కూర్చోబెట్టి చెప్పలేకపోయాను. ఆ తప్పు నాది. వాడు ఒక నగరంలోని షెడ్డుకు తీసుకెళ్లి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో యూరప్ బండి లెక్కలు ఎక్కించుకుని వచ్చాడు. వారం రోజులు చాలా సంతోషంగా నడిపాడు. తర్వాత ఒక మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, సామాను, ఏసీ వేసుకుని సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్‌లోంచి డబ్బాలో గోలీలు వేసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. ఆపలేదు. మీదికి చేరేసరికి పొగ. ఇంజిన్ విప్పించి చూస్తే రెండో సిలిండర్ పిస్టన్‌కు రింగులు కూర్చునే గట్టు విరిగి ఉంది.

ఆ గోలీల చప్పుడే నాకింగ్. సిలిండర్‌లో ప్లగ్ అంటించిన మంట ఆ ప్లగ్ దగ్గర మొదలై సాఫీగా పాకాలి. ఇందాక చెప్పిన టర్బో గాలి వేడీ, పీడనమూ మితిమీరితే, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. అది పిస్టన్ మీద సుత్తి దెబ్బ. అలా ముందే భగ్గుమనకుండా పెట్రోలు ఎంత నిలబడుతుందో చెప్పే కొలతే ఆక్టేన్ సంఖ్య. మన దేశంలో భారత్ స్టేజ్ 2 (బండి పొగకూ పెట్రోలుకూ ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) పెట్రోలుకు కనీస ఆక్టేన్ 88. స్టేజ్ 3తో అది 91 అయింది. యూరప్‌లో మామూలు పెట్రోలే 95, దాని పక్కనే 98 కూడా దొరుకుతుంది. ఆ బండి మన దేశానికి వచ్చిన 2004లో కోరాపుట్ జిల్లాలో బంకుల్లో మామూలుగా దొరికేది ఆ 88 రకమే. అలాంటి పెట్రోలు మీద, అలాంటి ఎండల్లో నడవవలసిన బండికి 150 సరిపోతుందని ఇంజనీర్లు లెక్క కట్టి ఉంటే అందులో నాకు మోసం కనిపించదు. ప్లగ్ ఎప్పుడు వెలగాలి, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి అన్నవి పెట్రోలును బట్టి, ఎండను బట్టి నిర్ణయించే సంగతులు. నాకింగ్‌ను పసిగట్టి ప్లగ్‌ను ఆలస్యంగా వెలిగించే పరికరం ఆ ఇంజిన్‌లో ఉంది. దానికీ ఒక హద్దు ఉంది. ఘాట్ రోడ్డు, మే నెల, 91 పెట్రోలు, 180 లెక్క, ఈ నాలుగూ కలిసిన చోట ఆ హద్దు దాటిపోయింది.

నేను ఇక్కడి విమాన ఇంజిన్ల కర్మాగారంలో పరీక్షా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. 1964లో మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్ల కోసం మొదలైన కర్మాగారం అది. టెస్ట్ బెడ్ (ఇంజిన్‌ను బిగించి పరీక్షించే వేదిక) మీద ఇంజిన్ నడిపినప్పుడు వచ్చిన రీడింగ్‌ను వచ్చినట్టు రాసి సంతకం పెట్టడం మాకు కుదరదు. ఆ పూట ఉష్ణోగ్రత ఎంత, గాలి పీడనం ఎంత అన్నది పక్కన రాసి, 15 డిగ్రీల వేడి, 1013 మిల్లీబార్ల పీడనం అనే ప్రామాణిక వాతావరణానికి సవరించి అప్పుడు అంకె వేస్తాం. మా సునాబెడ ఎత్తులో పీడనం ఎప్పుడూ అంతకన్నా చాలా తక్కువే. సవరించకపోతే మంచి ఇంజిన్ కూడా పరీక్ష తప్పినట్టు కనిపిస్తుంది. నేను చేరిన కొత్తలో ఉష్ణోగ్రత గడి ఖాళీగా వదిలేశానని మా ఫోర్‌మన్ గారు కాగితం చింపి మళ్లీ రాయించారు. ఆ అలవాటున్న కళ్లతో చూస్తే, దేశం పేరు లేకుండా వేసిన 180 నాకు ఆ ఖాళీ గడిలాగే కనిపించింది.

ఇది ఒక్క ఆక్టేవియాతో పోయే విషయం కాదు. టర్బో ఉన్న వేగవంతమైన కార్లలో చాలావాటికి దేశానికొక రూపం ఉంటుంది, ప్రతిసారీ కారణం వేరు. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒప్పందం చేసుకుని స్వదేశంలో అమ్మే కార్లకు 280కి మించి శక్తిని ప్రకటించలేదు. అందుకే 1990ల టొయోటా సుప్రా జపాన్‌లో 280, అమెరికాలో 320. ఇంజిన్ రెంటిలోనూ మూడు లీటర్లదే, టర్బోలు రెండే. కానీ టర్బో లోపలి చక్రం జపాన్ బండిలో పింగాణీ జాతి పదార్థంతో, ఎగుమతి బండిలో ఉక్కుతో చేసినది. పింగాణీ చక్రం తేలిక కాబట్టి త్వరగా తిరుగుతుంది, ఉక్కు చక్రం ఎక్కువ ఒత్తిడిని భరిస్తుంది. జపాన్ బండికి గంటకు 180 కిలోమీటర్ల దగ్గర వేగం ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంది.

సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ చూడండి. 2004లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు దాని ఇంజిన్ రెండున్నర లీటర్లు, జపాన్‌లో అప్పుడు రెండు లీటర్లే. ఏటా కట్టే వాహన పన్ను ఇంజిన్ పరిమాణాన్ని బట్టి పెరిగే దేశం జపాన్ అని గుర్తుంచుకోవాలి. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 8 అమెరికాకు 2003లో 271 గుర్రాలతో వెళ్లింది. మలుపులో వెనక చక్రాలకు బలాన్ని వేర్వేరుగా పంచే ఏర్పాటు జపాన్ బండిలో ఉంది, అమెరికా బండిలో లేదు. ఆ ఏర్పాటును పొగుడుతూ వచ్చిన వ్యాసం చదివి అమెరికాలో ఆ కారు కొన్న మనిషికి ఎలా ఉంటుంది?

ఇటీవలి ఉదాహరణలు మన పాఠకులకు ఇంకా దగ్గర. టొయోటా జీఆర్ యారిస్ జపాన్‌లో 272తో, యూరప్‌లో 261తో వచ్చింది. హ్యుందాయ్ ఐ20 ఎన్ అంటే యూరప్‌లో 1.6 లీటర్ల టర్బో, 204 శక్తి. మన దేశంలో 2021లో వచ్చింది ఐ20 ఎన్ లైన్. అది ఒక లీటరు టర్బో, 120 శక్తి. చివర ఉన్న 'లైన్' అనే చిన్న మాట రాయడం మరిచిపోతే 84 గుర్రాలు తేడా వస్తుంది. దీని వెనక మన పన్ను ఉంది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు ఇంజిన్ ఉంటేనే మన దగ్గర చిన్నకారు పన్ను వర్తిస్తుంది. మన ఐ20 పొడవు 3,995 మిల్లీమీటర్లు, యూరప్ ఐ20 ఎన్ పొడవు 4,075. ఎనిమిది సెంటీమీటర్లలో ఒక దేశపు చట్టం కనిపిస్తోంది. ఇలాంటిది మీ పేజీలో వివరిస్తే పిల్లలు ఎంత ఆసక్తిగా చదువుతారో!

కొలమానాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. జపాన్, జర్మనీల లెక్కలో ఒక గుర్రం 735.5 వాట్లు, ఇంగ్లిష్ లెక్కలో 745.7. కాబట్టి ఒకచోట 280 అని, మరోచోట 276 అని కనిపిస్తే అది ఒకే బండి కావచ్చు. పెట్రోలులోనూ ఇదే తికమక. అమెరికా బంకు మీద 91 అని ఉంటే అది రెండు పరీక్షా పద్ధతుల సగటు. మన లెక్కలో అది 95కు పైమాటే. "అమెరికాలో 91 పోస్తే చాలట, మన దగ్గరా 91 ఉంది కదా" అని మా వాడికి ఆ షెడ్డులో చెప్పారట. ఒకే అంకె, రెండు వేర్వేరు పెట్రోళ్లు. వాడి పిస్టన్ విరగడానికి ఈ మాట కూడా కారణమే.

మీ విలేకరుల కష్టం నాకు తెలియనిది కాదు. వారం వారం పేజీ నింపాలి, విదేశీ సమాచారం తేలిగ్గా దొరుకుతుంది. నేను కోరేది పెద్ద పని కాదు. శక్తి, టార్క్ వేసిన ప్రతిచోటా అది ఏ దేశంలో అమ్మిన బండిదో, ఏ సంవత్సరానిదో పక్కన రెండు మాటలు వేయండి. మన దేశంలో అమ్మని రూపం గురించి రాస్తే, అది మన దగ్గర దొరకదని మొదటి పేరాలోనే చెప్పండి. పాతబండి గురించి రాసేటప్పుడు దానికి కంపెనీ చెప్పిన కనీస ఆక్టేన్ కూడా ఇవ్వండి. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, కానీ లీటరుకు పెట్రోలు ఇచ్చే వేడిలో సుమారు మూడింట రెండు వంతులే ఇస్తుంది. 2005 నాటి బండి కొనేవారు రబ్బరు గొట్టాలు, సీళ్లు ఒకసారి చూపించుకోవాలి. నాకు తెలిసి ఏ తెలుగు వ్యాసమూ ఈ మాట చెప్పలేదు.

మా వాడి బండికి పిస్టన్ మార్పించాం. పాత లెక్కలే మళ్లీ ఎక్కించాం. ఆ ఖర్చు వాడి అయిదు నెలల జీతం. ఇప్పుడు 150తో, నలుగురు మనుషులతో సుంకి ఘాట్ మూడో గేరులో చప్పుడు లేకుండా ఎక్కుతోంది. మొన్న నన్ను కూడా ఎక్కించుకుని సాలూరు వెళ్లి వచ్చాడు. దారి పొడవునా కిటికీ దించి ఇంజిన్ చప్పుడే విన్నాను.

ఒక విషయం మాత్రం తొందరగా చేయాలని మనవి. జయపురంలో మాకు తెలిసిన ఒకాయన మీ పేజీ కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. 180 అని అచ్చులో ఉంది కదా అని, అదే బండి బేరం చూడడానికి పై ఆదివారం సాయంత్రం విశాఖపట్నం బయలుదేరుతున్నారు. నేను చెబితే, "పత్రికలో వేశారండీ" అంటున్నారు. సవరణ ఆ ఆదివారం పొద్దున్న పేజీలోనే వస్తే ఆయనకు అందుతుంది.

ఇట్లు,
విశ్రాంత ఇంజిన్ పరీక్షా ఉద్యోగి,
సునాబెడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా