చెప్పిన అవసరానికి పనికిరాని ల్యాప్‌టాప్ అంటగట్టారు, వాపసు తీసుకోండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పన్నెండు రోజుల కిందట మీ దగ్గర 18,500 రూపాయలకు రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొన్నాను. వాడిన సరుకని తెలిసే కొన్నాను. మూత మీద గీతలకు, అరిగిన కీలకు నాకేం అభ్యంతరం లేదు.

కొనేముందు మీ సేల్స్ అబ్బాయికి ఫోన్‌లో అంతా వివరంగా చెప్పాను. మా అమ్మాయి బీసీఏలో చేరింది, కోడింగ్ చేసుకోవాలి, మూడేళ్లు వాడాలి. వానొస్తే మా వీధిలో కరెంటు పోతుంది, బ్యాటరీ మీద రెండు గంటలైనా నడవాలి. ప్రాసెసర్ ఏ జనరేషన్, అంటే ఎన్నో తరానిది అని కూడా అడిగాను. "ఐ5 ప్రాసెసర్ అండీ, ఏ-గ్రేడ్ సరుకు, విండోస్ 11 వేసే పంపిస్తాం, టెన్షన్ పడకండి" అన్నాడు. జనరేషన్ మాత్రం చెప్పలేదు.

వచ్చాక చూస్తే ఐ5-6300యూ, అంటే ఆరో జనరేషన్. ఇంటెల్‌లో విండోస్ 11కు సపోర్ట్ దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 11 కుదురుతుందో లేదో చూసే మైక్రోసాఫ్ట్ యాప్ పీసీ హెల్త్ చెక్ కూడా ఈ ప్రాసెసర్‌కు కుదరదనే చూపించింది. మీవాళ్లు అడ్డదారిలో ఎక్కించారు, ఇక అప్‌డేట్లకు గ్యారంటీ లేదు. విండోస్ 10కు వెళ్దామంటే దానికి 2025 అక్టోబర్ 14తోనే మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మూడేళ్లు ఎలా వాడాలి?

మొన్న ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది. అమ్మాయి ప్రోగ్రామ్ టైప్ చేస్తోంది. 61 శాతం చూపించిన బ్యాటరీ పావుగంటలో 9కి పడింది, సేవ్ చేసేలోపే స్క్రీన్ ఆరిపోయింది. కీబోర్డు మీద వేళ్లు తీయకుండా చీకట్లో అలాగే కూర్చుండిపోయింది పిల్ల. బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, కొత్తలో 47,000 మిల్లీవాట్ అవర్లు పట్టినదానికి ఇప్పుడు 17,000 కూడా పట్టడం లేదు. ఆ రిపోర్ట్ తీయడానికి నిమిషం చాలు. ముందే చూపించి ఉంటే నేను కొనేవాణ్ణి కాదు.

ఫోన్ చేస్తే వైజాగ్ సర్వీస్ సెంటర్‌కు తెమ్మంటున్నారు. ఒక రోజు పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినా మీరు మార్చేది బ్యాటరీనే. బోర్డుకు అతికి ఉన్న ప్రాసెసర్ మారదు కదా.

మీ ఖర్చుతో కొరియర్ పంపి ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, 15 రోజుల్లో పూర్తి డబ్బు వాపసు చేయండి. మీరు అమ్మే ప్రతి ల్యాప్‌టాప్ పక్కనా జనరేషన్, బ్యాటరీ రిపోర్ట్ పెట్టండి. మాలాంటి ఊళ్లవాళ్లు ఫొటో చూసి, మీ మాట నమ్మి కొంటారు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే ఫిర్యాదు వేస్తాను.

బిల్లు, బ్యాటరీ రిపోర్ట్, స్క్రీన్‌షాట్లు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్, పర్లాకిమిడి