తగినంత అంటే ఎంత, మంత్రి గారూ?

గౌరవనీయులైన విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మీ శాఖ ఇంటింటికీ పంచే వరద ముందుజాగ్రత్తల కరపత్రం మళ్లీ అచ్చయి వచ్చింది. నాలుగో అంశం మారలేదు: "తగినంత తాగునీరు నిల్వ ఉంచుకోండి." ఆ ఒక్క వాక్యం మార్చమని మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అన్నారు. రెండోసారి, వచ్చే ముద్రణలో కొలతలు చేరుస్తామని మాట ఇచ్చారు. మూడోదానికి జవాబే లేదు. ఆ వచ్చే ముద్రణ ఇప్పుడు మా చేతిలో ఉంది. అక్కడ అదే "తగినంత". అందుకే ఈసారి నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది.

తగినంత అంటే ఎంతండీ? తాగడానికి, వంటకు, కాస్త చేతులూ ముఖమూ కడుక్కోవడానికి మనిషికి రోజుకు 4 లీటర్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు, రెండు వారాలకైతే 224. ఎండలు మండుతున్నా, ఇంట్లో బాలింతో జ్వరపడ్డవారో ఉన్నా ఇంకా ఎక్కువే కావాలి. ఇది రాయడానికి రెండు వరుసలు చాలు. రాయకపోబట్టే ఒక ఇంట్లో రెండు సీసాలు నింపి చాలనుకుంటారు, ఇంకో ఇంట్లో కనబడిన డబ్బానల్లా నింపుతారు.

ఆ డబ్బాల గురించీ కరపత్రంలో ఒక్క ముక్క లేదు. పురుగుమందో రంగో కిరోసినో పోసిన డబ్బా ఎంత తోమినా తాగునీటికి పనికిరాదు. పాలు, పళ్లరసం పోసినవీ వద్దు. లోపల పట్టిన జిడ్డు పూర్తిగా పోదు, దాన్ని పట్టుకుని సూక్ష్మజీవులు పెరుగుతాయి. వెడల్పు మూతి బిందెలో శుభ్రమైన నీళ్లే పోసినా, గ్లాసుతోపాటు వేళ్లు మునిగిన ప్రతిసారీ అవి పాడవుతాయి. మూతి సన్నగా, మూత బిగుతుగా, వీలైతే కింద కుళాయితో ఉండాలి. నింపే ముందు లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి, లోపలంతా తడిసేలా అర నిమిషం ఊపి, పారబోసి, మంచినీళ్లతో కడగాలి. ఇంకో సంగతి, 20 లీటర్ల క్యాను 20 కిలోల బరువు. నీళ్లు గడప తాకాక దాన్ని మేడమీదికి మోయడం పెద్దవాళ్ల వల్ల కాదు. 5 లీటర్లవి, 10 లీటర్లవి పెట్టుకోమనాలి. మూత మీద తేదీ రాసి, ఆరు నెలలకోసారి నీళ్లు మార్చమనాలి.

సంపు ఉన్న ఇళ్లలో జరిగేది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వరద ముందు సంపులోకే దిగుతుంది. అది తెలియక మోటారు వేస్తే, పైట్యాంకులో మిగిలిన మంచినీళ్లూ మురికైపోతాయి. హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకొని, మోటారు స్విచ్ ఆపి, ట్యాంకులోకి వచ్చే పైపు వాల్వు మూసేస్తే వందల లీటర్లు దక్కుతాయి. పైసా ఖర్చులేని పని. ఇదీ కరపత్రంలో లేదు.

ఇక బ్లీచింగ్ పౌడర్. మా బాధంతా దీని మీదే. నీళ్ల శుద్ధికని మీరు పంచే పొట్లం మీద తయారీ తేదీ లేదు, క్లోరిన్ శాతం లేదు, వాడే కొలత లేదు. తాజా పౌడర్‌లో సుమారు 30 శాతం పైనే క్లోరిన్ ఉంటుంది. గాలి, తేమ, వేడి తగిలేకొద్దీ అది తగ్గిపోతుంది. దయచేసి ఒక పొట్లం మీరే విప్పి చూడండి. మంచిదైతే పొడిపొడిగా జారుతుంది, ఘాటు ముక్కుకు కొడుతుంది. చచ్చిందైతే ముద్దకట్టి వేలికి సున్నంలా అంటుకుంటుంది, వాసన ఉండదు. దాన్ని నీళ్లలో కలిపితే సున్నం కలిపినట్టే.

30 శాతం పౌడర్ 33 గ్రాములు లీటరు నీటిలో కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. శాతం 15కి పడిపోతే అదే బలానికి 66 గ్రాములు కావాలి. పొట్లం మీద శాతమే లేనప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఏ లెక్కన కలుపుతారు?

కలిపే పద్ధతైనా చెప్పండి. ప్లాస్టిక్ పాత్రలో ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలపాలి, తర్వాత మిగతా నీళ్లు పోసి మూతపెట్టి సున్నం అడుక్కు దిగేదాకా ఆగాలి. పైన తేరిన తేటే పనికొచ్చేది. ఆ తేట 10 లీటర్ల నీటికి 6 మిల్లీలీటర్లు పోసి, కలిపి, అరగంట ఆగాలి. అప్పుడు క్లోరిన్ వాసన లీలగా తగలాలి. తగలకపోతే మళ్లీ అంతే పోసి పావుగంట చూడాలి. అప్పటికీ తగలకపోతే ఆ నీళ్లు తాగొద్దు. మిగిలిన తేటను మూతపెట్టి చీకట్లో ఉంచాలి, వారం దాటితే కొత్తది చేసుకోవాలి. ద్రవ బ్లీచ్ దొరికేచోట, 5 నుంచి 6 శాతంది, సువాసన కలపనిది, లీటరుకు 2 చుక్కలు. డ్రాపర్‌తోనే వేయాలి, మూతతో వంపితే అవి చుక్కలు కావు.

ఇదేదీ తెలియక జనం పొడిని తిన్నగా బిందెలో గుమ్మరిస్తున్నారు. పైన తెల్లటి తరకలు తేలతాయి, నోరు చేదెక్కుతుంది, పిల్లలు ఒక్క గుక్క తాగరు. ఆ నీళ్లు పారబోసి ఏమీ కలపని నీళ్లు పట్టుకుంటారు. రెండు రోజుల్లో విరేచనాలు. అప్పుడు "ప్రజల్లో అవగాహన కొరవడింది" అని మీ శాఖ ప్రకటన. అవగాహన ఇవ్వాల్సిన కాగితంలోనే అది లేదు, మంత్రి గారూ.

బురద నీళ్లలో క్లోరిన్ మట్టితోనే ఖర్చైపోతుంది. ముందు తేరనిచ్చి, శుభ్రమైన నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టాలి. అప్పటికీ మసకగా ఉంటే మోతాదు రెట్టింపు చేయాలి. పొయ్యి వెలిగే పరిస్థితి ఉంటే, నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగిస్తే చాలు. 2000 మీటర్ల ఎత్తు దాటిన చోట 3 నిమిషాలు. పెట్రోలో పురుగుమందో కలిసిన నీళ్లకు మాత్రం ఈ రెండూ పనిచేయవు. బ్లీచింగ్ పౌడర్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. వరద తీశాక ఇల్లు కడిగేటప్పుడు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈ హెచ్చరిక ఎర్ర అక్షరాల్లో ఉండాలి.

మిగతా అంశాలదీ ఇదే తీరు. "మందులు దగ్గర ఉంచుకోండి" అన్నారు, ఎన్ని రోజులకో లేదు. "కరెంటు మెయిన్ ఆపండి" అన్నారు, నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దని లేదు. "జనరేటర్ సిద్ధం చేసుకోండి" అన్నారు. అది ఇంటి బయట, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో లేకపోతే, వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుందని లేదు. వాటి మీద విడిగా రాస్తాం. ముందు నీళ్ల సంగతి చూడండి.

విపత్తుల ముప్పు తగ్గించడానికి 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలు ఒప్పుకున్న ఏడు లక్ష్యాల్లో, ముప్పు గురించిన సమాచారం ప్రజలకు అందుబాటులో ఉంచడం ఒకటి. గడువు 2030. మీకు తెలియంది కాదు. సమాచారమంటే కొలత కూడా కదా. పొట్లం మీద తేదీ, శాతం వేయించండి. లోపల కొలత చెంచా పెట్టించండి. కరపత్రంలో లీటర్లు రాయించండి, మిల్లీలీటర్లు రాయించండి. ఇంకో ముద్రణ దాకా ఆగమనకండి, దయచేసి. అచ్చయినవాటి మీద అంటించే చిన్న చీటీ అయినా సరే. ఆ చీటీలో ఉండాల్సిందంతా పైన రాశాం. మా పేరు అక్కర్లేదు, అలాగే తీసుకుని వేయించండి.

ఇట్లు,
ఇళ్లలో నీటి శుద్ధి నేర్పే స్వచ్ఛంద కార్యకర్తలు