ఊడిపోయిన తలకట్ల గురించి మా ఖాతాదారులకు

నమస్కారం.

ఈ ఏడాది ఉగాది నుంచి శ్రావణమాసం దాకా దుకాణపు అద్దాల మీద మా చేత రంగుల పారదర్శక అక్షరాలు వేయించుకున్న వారిలో చాలామందికి ఆ అక్షరాలు మేము అతికించిన నాటి రూపంలో ఇప్పుడు లేవు. కొన్నిచోట్ల అంచులు లేచాయి, కొన్నిచోట్ల రంగు మీద మజ్జిగ చిలకరించినట్టు తెల్లటి పొర కమ్మింది, జనరల్ బజార్‌లోని ఒక చీరల దుకాణంలో ‘పట్టు’ అన్న మాటలో మొదటి అక్షరానికి తలకట్టే రాలిపోయింది. ఫోను చేసి అడిగిన వారికి నిన్నమొన్నటి దాకా ‘వచ్చి చూస్తాము’ అని తప్ప మరేమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే కారణం నాకే అంతుపట్టలేదు. ఇప్పుడు తెలిసింది. అడిగిన వారికే కాక అడగకుండా ఓర్చుకున్న వారికి కూడా జరిగినది జరిగినట్టు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

ముందు మీకు కావలసిన మాట చెబుతాను. ఆ నెలల్లో మేము చేసిన 34 దుకాణాల పనినీ, చెడినా చెడకపోయినా, మా ఖర్చుతో తీసివేసి కొత్త ఫిల్మ్‌తో మళ్లీ వేస్తాము. కూలి కూడా మీ దగ్గర తీసుకోము.

ఇక కారణం. అద్దం మీద మేము వేసే అక్షరాలను మన ఊళ్లో అందరూ ‘రేడియం’ అనే పిలుస్తారు, నిజానికి అది జిగురు పూసిన పలుచని వినైల్ ప్లాస్టిక్ పొర, దానినే ఫిల్మ్ అంటాము. అందులో రెండు జాతులు ఉన్నాయి. ద్రవరూపంలో ఉన్న పదార్థాన్ని పలుచగా పోసి, వేడిలో ఆరబెట్టి తీసేది కాస్ట్ ఫిల్మ్. మెత్తబడిన ముద్దను వేడి రోలర్ల మధ్య నలిపి, లాగి, రేకులా సాగదీసేది క్యాలెండర్డ్ ఫిల్మ్. పోసిన దానిలో బిగువు ఉండదు కాబట్టి వేసిన చోట వేసినట్టు పడి ఉంటుంది. సాగదీసిన దానిలో ఆ సాగు లోపలే మిగిలిపోతుంది కాబట్టి ఎండ తగిలిన కొద్దీ అది తన పాత కొలతకు ముడుచుకోవాలని చూస్తుంది. గోడ మీద పెద్ద బొమ్మకో, ఆరు నెలల ప్రకటనకో ఈ రెండో రకం వాడుకోవచ్చు, అందులో తప్పులేదు. పడమర ముఖంగా ఉన్న అద్దం మీద, మే నెల హైదరాబాదు ఎండలో, వెంట్రుక మందపు సందులున్న తెలుగు అక్షరాలకు మాత్రం అది పనికిరాదు.

మేము పదకొండేళ్లుగా ఒకే వ్యాపారి దగ్గర ఒకే కాస్ట్ ఫిల్మ్ కొంటున్నాము. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిబ్రవరిలో వచ్చిన సరుకు పెట్టె ఎప్పటిదే, పెట్టె మీద చీటీ ఎప్పటిదే, రంగులు కూడా కంటికి ఒకటే, కాని లోపలి రోలు మాత్రం వేరు. ఆగస్టులో ఒక దుకాణం నుంచి లేచిన ముక్కను తెచ్చి, అనుమానం వచ్చి, మందం కొలిచే మైక్రోమీటరులో పెట్టి చూస్తే 80 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) పలికింది. మేము వాడేది 50 మైక్రాన్లది. పాత బిల్లులన్నీ పరిచి చూసుకుంటే ఫిబ్రవరి బిల్లులో సరుకు సంఖ్య చివరి రెండు అంకెలు మారి ఉన్నాయి. ధర మాత్రం పైసా మారలేదు.

వెళ్లి అడిగాను. కౌంటరు దగ్గర నిలబెట్టే సమాధానం చెప్పారు. పాత రకం రావడం తగ్గిందని, ఇది కూడా మంచిదేనని, మిగతావాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదని అన్నారు. ఫిర్యాదు చేయని ఆ మిగతావాళ్లు ఈ ఫిల్మ్‌తో ఏం చేస్తారో నాకు తెలుసు. బండి వెనుక అద్దం మీద పేర్లు, లిఫ్టు తలుపు మీద బాణం గుర్తులు చేస్తారు, అవి దీనితో నిలుస్తాయి. మిగిలిన రోళ్లు వాపసు తీసుకుంటామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆయన దగ్గర నేను కోరినది డబ్బు కాదు. ఫిబ్రవరిలోనే ఫోను చేసి ‘రకం మారింది, చూసుకొని వాడుకోండి’ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలునన్నాను. దానికి జవాబు రాలేదు. పదకొండేళ్ల పరిచయంలో కష్టకాలంలో ఒకరికొకరం అప్పు పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ మౌనం నన్ను డబ్బు నష్టం కంటే ఎక్కువ బాధించింది. ఆయన దగ్గర కొనడం మానేశాను. మానడం వలన మాకు దూరమూ ఖర్చూ పెరిగాయి, అయినా ఈ విషయంలో నా మనసు మారదు.

అయితే తప్పంతా ఆయన మీద తోసి చేతులు దులుపుకోలేను. రోలు విప్పిన రోజున కొలిచి ఉంటే ఫిబ్రవరిలోనే పట్టుబడేది. చీటీని నమ్మి కొలవలేదు. కత్తి కింద ఫిల్మ్ కొంచెం బిరుసుగా ఉందని అక్షరాలు కోసే యంత్రం, మా ప్లాటరు, నడిపే కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు, బ్లేడు మార్చమన్నాను తప్ప రోలును చూడలేదు.

చెడిన తీరు అన్నిచోట్లా ఒకటిగా లేదు, అది కూడా మీకు తెలియాలి. అద్దం లోపలి వైపు, తిరగేసి కోసి అతికించిన అక్షరాలు ఎండకు ముడుచుకున్నాయి. చుట్టూ సన్నని గీతలా జిగురు బయటపడి, దానికి దుమ్ము పట్టి, అక్షరానికి మురికి అంచు కట్టింది. లోపల అరలు అడ్డం ఉండటం వలన బయటి వైపు అతికించిన చోట్ల ముసురు రోజుల్లో మరొకటి జరిగింది. ఈ కొత్త రోలుకు వాడిన జిగురు నీటి ఆధారంగా తయారయ్యేది. వానజల్లు, రోజూ తుడిచే తడిగుడ్డ, ఏసీ చల్లదనానికి అద్దం బయట పట్టే చెమ్మ తగిలి అది పాలలా విరిగింది. రంగు పారదర్శకం కనుక వెనుక జిగురు తెల్లబడితే దాచడానికి చోటు లేదు. మామూలు రంగు అక్షరమైతే ఇది ఎవరి కంటా పడేది కాదు.

మా అక్షరాలకు ఉన్న అందమంతా ఆ దాపరికం లేకపోవడంలోనే ఉంది. పగలు వీధి వెలుగు ఎక్కువ, దుకాణం లోపలి వెలుగు తక్కువ కాబట్టి బయట నిలబడి చూస్తే పారదర్శక రంగు ముదురుగా, ఒక్కోసారి నల్లగా కనిపిస్తుంది. అందుకే అక్షరం చుట్టూ రెండు మిల్లీమీటర్ల తెల్ల అంచు వేస్తాము, పగటిపూట చదివించేది ఆ అంచే. సాయంత్రం లోపల దీపాలు వెలిగాక అంచు వెనక్కి తగ్గి రంగు ముందుకు వస్తుంది. పసుపు అక్షరం కింద నీలపు ఒత్తు కొంచెం మీదికి ఎక్కేలా పెడితే, ఆ రెండూ కలిసిన చోట ఆకుపచ్చ తానంతట తానే పుడుతుంది. కోఠీలోని ఒక పుస్తకాల దుకాణంలో ఉదయపు ఎండ పడే వేళ ఆ మూడు రంగులూ నేల మీద పరుచుకుంటాయి. ఆ యజమాని అక్కడ పుస్తకాల కట్టలు పెట్టకుండా ఆ నాలుగు బండలను ఖాళీగా వదిలేశారు. ఆయన అద్దం మీదే ఇప్పుడు ఆ ఆకుపచ్చ పాలిపోయింది, రెండు పొరలూ రెండు రకాలుగా ముడుచుకొని మధ్యలో గాలి చేరింది. అది చూసిన రోజు రాత్రి నేను అన్నం తినలేదు.

ఇక నన్ను మూడు వారాలు వేధించిన నిర్ణయం గురించి చెప్పాలి.

తెలుగు అక్షరం కత్తికి సులువుగా లొంగదు. ‘ప’ను తీసుకోండి. దాని తలకట్టు ఒంటికి తగలకూడదు, మధ్యలో సందు ఉండాలి. స, ష, హ లకు కూడా అంతే. తలకట్టు విడి ముక్క కనుక అద్దం మీద అది ఒంటరిగా తన జిగురు బలంతోనే నిలబడాలి, ఫిల్మ్ ముడుచుకున్నప్పుడు మొట్టమొదట లేచేదీ అదే. పోనీ ఊడకుండా ఉండాలని సందు మూసి కలిపేద్దామంటే ‘ప’ కాస్తా ‘వ’ అయిపోతుంది, పట్టుచీరల దుకాణం వట్టుచీరల దుకాణం అవుతుంది. ఉర్దూ పేర్లలోనూ ఇదే చిక్కు. బే, పే, తే అక్షరాలకు ఒంటి గీత ఒకటే, తేడా అంతా చుక్కల్లో ఉంటుంది, ఒక్క చుక్క రాలితే పేరు మారిపోతుంది. అందుకే ఉర్దూ పనికి ఛత్తా బజార్‌లో కాతిబ్ (ఉర్దూ అందంగా రాసే లేఖకుడు) చేత చేతిరాత రాయించి, ఆ చుక్కల కొలత ఆయన చెప్పినట్టే ఉంచుతాము.

దీనికి సులువైన దారి ఒకటి ఉంది. విడి అక్షరాలు కోయడం మానేసి, పేరు మొత్తాన్ని ఒకే రంగులేని పొర మీద ముద్రించి, ఆ దీర్ఘచతురస్రాన్ని అద్దానికి అంటించడం. తలకట్టు ఎక్కడికీ పోదు, చుక్క రాలదు, ఆరుగంటల పని గంటలో ముగుస్తుంది, ధర కూడా దాదాపు సగం అవుతుంది. మా ఇంట్లో వాళ్లు, మా కుర్రవాళ్లు, లెక్కలు చూసే ఆయన అందరూ దాని వైపే మొగ్గారు. వారిది తప్పు ఆలోచన కాదు. 34 దుకాణాలు ఉచితంగా చేయవలసి వచ్చినప్పుడు సగం ధర అన్న మాట చిన్నది కాదు.

నారాయణగూడలోని మా దుకాణం అద్దం మీదే పక్కపక్కన రెండూ అంటించి చూశాను. ‘పట్టు’ అనే మాటనే ఎంచుకున్నాను. మొదటి రెండు రోజులు ముద్రించినదే బాగుందేమో అనిపించింది. మూడో రోజు సాయంత్రం ఎదురు వరుసలోంచి, బస్సు కోసం నిలబడే చోటు నుంచి చూశాను. అక్షరాల మధ్య ఖాళీలో అద్దం కనిపించడం లేదు, అద్దం మీద మరో అద్దపు ముక్క అంటించినట్టు సన్నని మసక కనిపిస్తోంది, నాలుగు అంచుల వెంట దుమ్ము గీత. పక్కన కోసి అతికించిన ‘ప’ సందులోంచి మాత్రం లోపలి దీపం నేరుగా వచ్చి కంటిని తాకుతోంది. మా నాన్నగారు ఎనామిల్ రంగుతో అద్దం లోపలి వైపు నుంచి అక్షరాలను తిరగేసి రాసేవారు, రాశాక బయటికి వచ్చి ముందు అక్షరాన్ని కాదు, సందును చూసేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ముద్రించిన దానిని తీసేశాను.

కనుక మేము విడి అక్షరాలే కోస్తాము. ఇది మొండితనమని మా వాళ్లు అంటున్నారు, అయినా సరే. ముద్రించిన పొర కావలసిన వారికి చేసిపెట్టే మంచి దుకాణాలు నగరంలో చాలా ఉన్నాయి, అడిగితే చిరునామా నేనే చెబుతాను.

అయితే అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు వేయడం లేదు. కంప్యూటరులో దొరికే పోతన, మండలి, సూరన్న వంటి ఖతులు (ఫాంట్లు) కాగితం కోసం, తెర కోసం దిద్దినవి, అక్కడ అవి ఎంతో అందమైనవి. తలకట్టు చివర సన్నని మొన ఉంటే, అద్దం మీద గాలి, గుడ్డ, గోరు మొదట పట్టుకునేది ఆ మొననే. ఈ రెండు నెలల్లో 56 అక్షరాలూ వాటి ఒత్తులూ కత్తి కోసమే మళ్లీ చేత్తో గీశాను. ప్రతి మొననూ గుండ్రం చేశాను. తలకట్టును కొంచెం పొట్టిగా, బాగా లావుగా చేసి, అతుక్కునే మేర పెంచాను. ‘ప’ సందును ఎండలో కూడా మూసుకుపోనంత వెడల్పు చేశాను. ‘వస్త్ర’లో తకారపు ఒత్తునూ రకారపు ఒత్తునూ కలిపి ఒకే ముక్కగా దిద్దాను, అది మాత్రం పదిహేను రోజులు తీసుకుంది. ఆరు మిల్లీమీటర్ల కంటే సన్నని విడి ముక్క ఏ పేరులోనూ ఉండదు. అందువలన మరీ చిన్న అక్షరాలతో చిరునామాలు, ఫోను నంబర్లు పారదర్శక రంగులో ఇకమీదట వేయము, వాటిని మామూలు తెలుపులో వేస్తాము.

కొత్త ఫిల్మ్ పాత రకం కాస్ట్‌దే, వేరే చోటు నుంచి తెప్పించాము. ప్రతి రోలునూ విప్పిన రోజే కొలిచి, ఒక ముక్క మా పడమటి అద్దం మీద అంటించి, దాని వెనుక నుంచి ఒలిచిన బ్యాకింగ్ కాగితం మీద తేదీ రాసి దాస్తున్నాము. మీ పని ఏ రోలుతో చేశామో మీ బిల్లు మీద ఉంటుంది. కొత్తగా పని ఇచ్చేవారికి చదరపు అడుగు ధర పెరుగుతుంది, ఇప్పటికే బయానా ఇచ్చిన వారికి పెరగదు.

దసరాకు ముందే పడమర, దక్షిణం వైపు ఉన్న దుకాణాలు పూర్తి చేస్తాము, మిగతావి దీపావళి లోపు. మేము వచ్చేదాకా లేచిన అంచులను బ్లేడుతో గీకకండి. టఫెన్డ్ గ్లాస్ (వేడితో గట్టిపరచిన అద్దం) మీద పడిన గీత మళ్లీ పోదు. మేము హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి తీస్తాము, జిగురు కూడా శుభ్రం చేసి ఇస్తాము. కొత్తవి వేసిన తరువాత పదిహేను రోజుల దాకా వాటిని తుడవవద్దు, ఆ తరువాత మంచినీళ్లూ మెత్తని గుడ్డా చాలు, అమోనియా కలిసిన అద్దాల ద్రవం వాడకండి.

మీ అద్దం ఏ దిక్కున ఉందో, అక్షరాలు లోపలి వైపు ఉన్నాయో బయటి వైపో తెలియజేస్తూ పగలు ఒకటి, దీపాలు వెలిగాక ఒకటి ఫోటో తీసి పంపితే మాకు వరుస నిర్ణయించుకోవడం సులువవుతుంది. జనరల్ బజార్ చీరల దుకాణం ‘ప’ను వచ్చే సోమవారం ఉదయం నేనే స్వయంగా వచ్చి అతికిస్తాను.