రిబ్బన్ కత్తిరించారు సరే, కుళాయి ఎవరు బాగుచేస్తారు?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో మా ఊరి ఆసుపత్రి నవజాత శిశువుల వార్డు ప్రారంభోత్సవం ఫొటో వేశారు. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే కొత్త వార్మర్ చుట్టూ డజను మంది నాయకులు, మెడలో దండలు, కాళ్లకు చెప్పులు. పైన ‘అత్యాధునిక వైద్యం’ అని శీర్షిక. ఆ వార్డులోని పిల్లల తల్లులేమో వరండాలో దుప్పట్లు పరుచుకుని పడిగాపులు కాస్తున్నారు. వాళ్లు లోపలికొస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందట! దండలేసుకుని వచ్చినవాళ్లతో రాదు కాబోలు.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఈ మధ్య చుట్టాల బిడ్డ అక్కడుంటే చూడ్డానికి వెళ్లాను. చేతులు కడిగే చోట మోచేత్తో తిప్పే కుళాయి విరిగిపోయి కట్టుగుడ్డతో చుట్టి ఉంది. సబ్బు నీళ్లలో నాని ముద్దయింది. తుడుచుకోవడానికి అందరికీ ఒకటే తువ్వాలు. లోపల సెలైన్ సీసా మూతకు సూది గుచ్చి వదిలేశారు, దాంట్లోంచే పిల్లలందరికీ లాగుతున్నారు. క్లెబ్సియెల్లా లాంటి క్రిమి వార్డంతా పాకడానికి ఆ ఒక్క సీసా చాలు.

అక్కడ డ్యూటీలో ఉన్న నర్సమ్మాయిని తప్పుపట్టలేను. ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో డజనుకు పైగా పిల్లల్ని ఒక్కతే చూస్తోంది. అదీ ఔట్‌సోర్సింగ్, జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. బిడ్డకేమైనా అయితే మెమో మాత్రం టైముకే వస్తుంది.

2015లో గుంటూరు పెద్దాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోతే రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది. ఎలుక కంటికి కనపడుతుంది మరి. క్రిమి కనపడదు, రిజిస్టరులో ‘నెలలు నిండలేదు’ అని రాస్తే సరిపోతుంది. 2011–14 మధ్య ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో అధ్యయనం చేస్తే, పిల్లల రక్తంలో దొరికిన అసినెటోబాక్టర్ క్రిముల్లో 82 శాతం రకరకాల యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. మందు పనిచేయనప్పుడు మిగిలేది సబ్బూ నీళ్లే కదా!

కుళాయికి ఇండెంట్ పెడితే ఇంజనీరింగ్ వాళ్లను అడగమంటారు, వాళ్లు బడ్జెట్ లేదంటారు. ఆసుపత్రుల శుభ్రతకు అవార్డులిచ్చే కాయకల్ప పథకం తనిఖీ ఉందంటే మాత్రం రాత్రికి రాత్రే కొత్త సబ్బులు, గోడకు చార్టులు. తనిఖీ బృందం జీపెక్కగానే సబ్బులు మళ్లీ స్టోర్‌రూములోకి. కరోనాప్పుడు కిళ్లీకొట్టు ముందు కూడా శానిటైజర్ స్టాండు ఉండేది. స్పిరిట్, గ్లిజరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, కాచి చల్లార్చిన నీళ్లుంటే ఆసుపత్రి ఫార్మసీలోనే చేసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలతో సహా ఎప్పుడో చెప్పింది. ప్రతి వార్మర్ పక్కన ఒక సీసా పెట్టడానికి కూడా మంత్రిగారే రావాలా?

ఇక తల్లుల సంగతి. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో అదే సంస్థ చేయించిన పరిశోధన 2021లో వెలువడింది. బరువు తక్కువ పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయి, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ కూడా తగ్గింది. అందుకు వార్డులో తల్లికో మంచం వేయాలి. వేసే జాగాలో ఇప్పుడు శిలాఫలకం ఉంది.

వార్డులో చేరాక ఎంతమంది పిల్లలకు ఇన్‌ఫెక్షన్ సోకిందో నెలనెలా బోర్డు మీద రాయమని కలెక్టరు గారు ఆదేశించాలి. సమాచార హక్కు కింద నేను ఆ లెక్కే అడిగితే ‘సదరు వివరములు నిర్వహించబడుటలేదు’ అని సంతకం, స్టాంపుతో జవాబు పంపారు.

– రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఉత్తరాంధ్ర
(పేరు వేయొద్దని మనవి)