మా జున్ను కీళ్ల నొప్పికి ఊరట కలిగించిన అందరికీ కృతజ్ఞతలు

పద్నాలుగేళ్లు నిండిన మా పిల్లి జున్నుకు కీళ్లవాతం ఉన్నట్లు గత వేసవిలో తేలింది. అప్పటి నుంచి దానికి వైద్యం చేసినవారు, మా ఇంటిని దాని కాళ్లకు అనువుగా మార్చడంలో చెయ్యి వేసినవారు, తిండి విషయంలో మాతో పాటు పథ్యం పాటించినవారు చాలామంది ఉన్నారు. ఎదురుపడినప్పుడు చెప్పిన నోటిమాట సరిపోదనిపించి, ఎవరి సాయం దేనికి ఎలా పనికివచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ముసలి పిల్లిని సాకుతున్నవారికి ఈ వివరాలు ఉపయోగపడితే మరీ సంతోషం.

మొదట మా మేనకోడలికి. పశువైద్యం చదువుతున్న ఆ అమ్మాయి ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు జున్ను నడుము నిమిరి, అక్కడ మాత్రమే బొచ్చు అట్టకట్టి ఉండటం గమనించి, పాదం మెల్లగా నొక్కి గోళ్లు బయటికి వచ్చేలా చేసి చూసింది. ఒళ్లంతా శుభ్రంగా నాక్కునే పిల్లికి నడుము దగ్గరే చిక్కులు పడ్డాయంటే అంతదూరం ఒళ్లు తిప్పలేకపోతోందని, గోళ్లు దళసరిగా పెరిగి లోపలికి వంగుతున్నాయంటే తలుపులూ చెట్ల మొదళ్లూ గీకడం తగ్గించిందని చెప్పింది. ఈ మధ్య అది ఇసుక టబ్బులో ముందుకాళ్లు మాత్రమే పెట్టి, వెనక భాగం బయటే ఉంచి మూత్రం పోయడం కూడా మొండితనం కాదని, అంచు దాటడానికి తుంటి సహకరించకపోవడమే కారణమని వివరించింది. వచ్చేపోయే చుట్టాలంతా "వయసు మీద పడింది, అంతే" అంటుంటే, "వయసుకు మందు లేదు గానీ నొప్పికి ఉంది అత్తా" అని పట్టుబట్టి ఆసుపత్రికి బయలుదేరదీసింది ఆ అమ్మాయే.

అమెరికాలో ఉన్న మా చెల్లెలు అదే వారంలో ఆరు ప్రశ్నలు రాసి పంపింది. పిల్లి మామూలుగా పరుగెత్తుతోందా, పైకి దూకుతోందా, కిందికి దూకుతోందా, మెట్లు ఎక్కుతోందా, దిగుతోందా, కదిలే వస్తువు వెంట పడుతోందా అన్నవే ఆ ఆరూ. అక్కడి పశువైద్యులు పిల్లులలో కీళ్ల నొప్పిని కనిపెట్టడానికి వీటినే అడుగుతారట. పిల్లి కుంటదు, మూలగదు, చేసే పనులు ఒక్కొక్కటే మానుకుంటుంది కాబట్టి, "నొప్పిగా ఉందా" అని కాక "ఏ పని మానేసింది" అని అడగడంలోనే తెలివి ఉందని నాకు అనిపించింది. చెల్లెలు చెప్పినట్టే జున్ను మెట్లు దిగడం, కిటికీ గట్టు ముందు నిలబడి ముందుకాళ్లు ఎత్తి మళ్లీ దించేసుకోవడం ఫోనులో వీడియో తీశాము.

ఆ వీడియోలే లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలో పని అంత సులువుగా జరిగేది కాదు. బుట్టలోంచి బయటికి తీయగానే బల్లకు అతుక్కుపోయిన పిల్లిని నడిపించి చూడటం ఎవరి తరమూ కాదు. అక్కడి వైద్యులు ఓపికగా వీడియోలన్నీ చూసి, ఎక్స్‌రేలు తీయించి, ముందుకాళ్ల మోచేతి కీళ్లలోనూ తుంటి కీళ్లలోనూ అరుగుదల ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించారు. పన్నెండేళ్లు దాటిన నూరు పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు ఇటువంటి మార్పులు కనిపించాయని వారు చెప్పినప్పుడు, ఇది మా ఒక్కరి ఇంటి కష్టం కాదని తెలిసింది. మందు రాసే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష చేయించినందుకు వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి. నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ అనే మందు చుక్కలను పిల్లులకు దీర్ఘకాలం వాడటానికి ఐరోపాలో 2007 నుంచి అనుమతి ఉందని, అమెరికాలో మాత్రం పదేపదే వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చన్న హెచ్చరిక ఆ మందు మీదే ముద్రిస్తారని, రెండు సంగతులూ దాచకుండా చెప్పారు. అందుకే మా జున్నుకు పని చేసే అతి తక్కువ మోతాదు, అదీ తిండితోనే, వాంతి అయినా తిండి మానేసినా ఆ పూట మందు ఆపి ఫోను చేయాలి, మధ్యమధ్య రక్తపరీక్ష తప్పకూడదు అని కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చారు. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

మా వీధి మందుల షాపు అబ్బాయికి ఈ సంగతి గుర్తుందో లేదో. ఇంటికి వచ్చిన బంధువొకరు జాలిపడి, రాత్రివేళ పారాసిటమాల్ కొనడానికి వెళ్తే, ఎవరికని అడిగి, పిల్లికని తెలియగానే ఇవ్వనన్నాడు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కావడం వల్ల, దాని రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చి, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయని, ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చని తరువాత వైద్యులు చెప్పగా విన్నాము. అమ్మకం వదులుకున్న ఆ అబ్బాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాము.

ఇక వడ్రంగి మేస్త్రిగారు. మందు సగం పని చేస్తే, మిగతా సగం ఆయన చేతిపనే చేసిందని నా అభిప్రాయం. ఆయన ముందుగా నేల మీద కూర్చుని జున్ను కడుపు ఎంత ఎత్తులో ఉందో మూరబద్దతో కొలిచి, మెట్టు ఎత్తు అందులో సగానికి మించకూడదన్నారు. కిటికీ గట్టుకు, మంచానికి అడుగు వెడల్పున్న పొట్టి మెట్లు చేసి, కాలు జారకుండా పైన గోనెగుడ్డ బిగించారు. ఇసుక టబ్బుకు ఒక పక్క అంచును రెండంగుళాల ఎత్తు మిగిలేలా కోసి, కోసిన చోట పాదం గీరుకోకుండా ఆకురాయితో నునుపు చేసి ఇచ్చారు. చెక్క ఖర్చు తప్ప కూలి తీసుకోలేదు. ఆ టబ్బు వచ్చాక నేల మీద మూత్రం పోయడం ఆగిపోయింది.

అద్దంలా మెరిసే గ్రానైట్ నేల మా అత్తగారికి ఎంతో ఇష్టం. అయినా జున్ను నడిచే దారిపొడవునా గోనెపట్టాలు పరచడానికి ఒప్పుకోవడమే కాక, తన పాత నేత చీరలతో మందపాటి బొంత కుట్టి, ఏసీ గాలి తగలని మూలలో వేశారు. గిన్నెలు కూడా వంగే శ్రమ లేకుండా ఆమె పూజకు వాడని పాత పీట మీదికి ఎక్కాయి.

పై వాటా పిన్నిగారిది అన్నిటికన్నా పెద్ద త్యాగం. సాయంత్రం పూట వేయించిన చేపముక్క పెట్టకుండా ఉండలేని మనిషి, దాదాపు 6 కిలోలకు చేరిన జున్ను బరువు కీళ్ల మీద పడుతోందని తెలిశాక, మేము తూచి ఇచ్చిన గింజల మేతనే తన చేత్తో పెట్టారు. ఒక్కసారిగా పస్తు పెడితే బొద్దు పిల్లుల కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి తగ్గకుండా చూడమన్నారు వైద్యులు. ఆ లెక్క రాసే నోటు పుస్తకం కూడా పిన్నిగారే చూసుకుంటున్నారు. చేపముక్క గుర్తు చేసుకుని జున్ను ఆవిడ గుమ్మంలో అరుస్తూనే ఉంటుంది, ఆవిడ లోపల చెవులు మూసుకుంటారు.

జున్ను ఇప్పుడు ప్రహరీ గోడ ఎక్కదు, ఎక్కాలని మేమూ కోరుకోవడం లేదు. మెట్ల మీదుగా కిటికీ గట్టుకు చేరుతుంది, నడుము మీద బొచ్చు తానే నాక్కుంటుంది. రెండు మూడు వారాలకొకసారి మేనకోడలు వచ్చి గోళ్ల కొసలు కత్తిరిస్తోంది. ఇంట్లో ఇటువంటి పిల్లి ఉన్నవారు అడిగితే మెట్ల కొలతలు, టబ్బు ఫొటో పంపుతాను. మందు మాత్రం మీ పిల్లి రక్తపరీక్ష చూసిన పశువైద్యులే రాయాలి.