ఉద్యోగం మానేసిన మన అమ్మాయిలకు బరంపురంలోనే ఒక ఆఫీసు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, పత్రికల జిల్లా పేజీలు కాలేజీల ప్రకటనలతో నిండిపోతాయి. ప్లేస్‌మెంట్ వచ్చిన అమ్మాయిల ఫొటోలు వరసగా వేస్తారు. ఒడిశాలోని బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో చదివిన మన తెలుగిళ్ల పిల్లలు ఏటా హైదరాబాద్, బెంగళూరు రైళ్లెక్కుతున్నారు. పదేళ్లు గడిచాక వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారో మాత్రం ఎవరూ అచ్చు వేయరు. నేనూ అలా వెళ్లినదాన్నే. ఇప్పుడు బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. నాతో వెళ్లిన స్నేహితురాళ్లలో ఎక్కువమంది తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఇక్కడే ఆగిపోయారు.

నా పనేమిటో మన వైపు చాలామందికి తెలియదు. సాఫ్ట్‌వేర్ అంటే కోడింగే అనుకుని బీకాం, ఎకనామిక్స్ చదివిన అమ్మాయిలు అటు చూడనే చూడరు. బ్యాంకుకో, ఆసుపత్రికో ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే, కౌంటర్లో కూర్చునే గుమాస్తా నుంచి మేనేజరు దాకా అందరినీ అడగాలి. పని ఎక్కడ మొదలై ఎక్కడ చిక్కుకుంటోందో పట్టుకోవాలి. ఏ నియమం ఎప్పుడు వర్తిస్తుందో ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసివ్వాలి. తయారయ్యాక వాడేవాళ్ల చేతే పరీక్ష చేయించాలి. ఎక్సెల్ బాగా, డేటాబేస్ నుంచి వివరాలు తీయడానికి వాడే ఎస్‌క్యూఎల్ కొంత రావాలి. వాటికంటే ముందు, ఓపికగా అడగడం, విన్నది పొల్లుపోకుండా రాయడం రావాలి. నేను టెస్టింగ్‌లో చేరాను. తప్పు దొరికినప్పుడల్లా అసలు ఈ రూలు ఎక్కడిదని ఆరా తీస్తూ తీస్తూ ఇటు వచ్చాను.

సరిహద్దు జిల్లాలో పుట్టడం ఈ వృత్తిలో నాకు పెద్ద ఆస్తి అయింది. గ్రామీణ రుణాల సాఫ్ట్‌వేర్ ఒకదానిలో ఒకే మహిళ ఇద్దరుగా నమోదవుతోంది. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్లు చివర రాస్తారు. ఓటరు కార్డులో ఒకలా ఉన్న పేరు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది, పెళ్లయ్యాక ఇంటిపేరే మారిపోతుంది. గంజాంలోనో గజపతిలోనో రేషన్ కార్డు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నగరాల్లో పెరిగిన మా జట్టుకు మాత్రం తట్టలేదు. పేరొక్కటే చూడొద్దు, పుట్టిన తేదీ, తండ్రి లేదా భర్త పేరు, ఫోను నంబరు కలిపి చూడండి, అనుమానం వస్తే బ్రాంచి మనిషి చేత నిర్ధారించుకోండి అని రాసిచ్చాను. రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఇలాంటి చూపు సహజంగానే ఉంటుంది. దానికి మంచి జీతమిచ్చే ఉద్యోగం ఉందని వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

ఆడవాళ్లుగా మాకుండే చికాకులు ఉండనే ఉన్నాయి. మీటింగులో ఎంతమంది ఉన్నా మినిట్స్ రాయడం నా వంతే. క్లయింటు ప్రశ్న నాకంటే జూనియర్ అయిన కుర్రాడిని అడిగితే, జవాబు కోసం అతను నా వైపు చూసేవాడు. వీటితో నెట్టుకు రావచ్చు. బిడ్డ పుట్టాక వచ్చే ఇబ్బంది అలాంటిది కాదు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పసిపిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. చాలా మంచి చట్టం. కానీ క్రెష్ హైదరాబాద్ ఆఫీసులో ఉంటుంది, బిడ్డను చూసుకునే అమ్మమ్మ బరంపురంలో ఉంటుంది. సెలవయ్యాక ఇంటి నుంచి పనిచేసే వీలును చట్టం యజమాని, ఉద్యోగిని మధ్య ఒప్పందానికి వదిలేసింది. నేనున్న చోట కుదరదన్నారు, రాజీనామా చేశాను. 2020లో కరోనా వచ్చాక అదే పని దేశమంతా ఇళ్ల నుంచే నడిచింది. అప్పుడు మళ్లీ ప్రయత్నించాను. ఇంటర్వ్యూల్లో గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగినంతగా నాకేం వచ్చో అడగలేదు. చివరికి ఉద్యోగం దొరికింది, ఇక్కడి నుంచే చేస్తున్నాను.

ఇంటి నుంచి చేయడం చెప్పినంత తేలిక కాదు. ఇంట్లోనే ఉంది కదా అని ప్రతి పనీ మనకే అప్పగిస్తారు. పైగా 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలివి. గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో, నెట్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక కంపెనీలు ఇంటి నుంచి వద్దనడానికి ముందుగా చెప్పే కారణం క్లయింటు డేటా భద్రత. అది న్యాయమైన అభ్యంతరమే.

అందుకే అడుగుతున్నాను. బరంపురంలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వసతులు కల్పించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది. అక్కడ గానీ, మరో ప్రభుత్వ భవనంలో గానీ, బయటి కంపెనీలకు పనిచేసే స్థానిక మహిళలకు సీట్లు అద్దెకివ్వాలి. జనరేటరు, రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ లైన్లు, లోపలికి ఎవరు వస్తున్నారో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. పక్కనే క్రెష్ ఉండాలి. అమెరికా వేళల్లో పనిచేసేవాళ్లకు రాత్రిపూట ఇంటిదాకా బండి కావాలి. ఉచితంగా ఇమ్మనడం లేదు, అద్దె కడతాం. కొత్త కంపెనీ ఏదో వస్తుందని ఏళ్లతరబడి ఎదురుచూడటం కంటే, ఉద్యోగం చేయగలిగి ఇళ్లలో ఉండిపోయినవాళ్లకు చోటు చూపించడం త్వరగా అయ్యే పని. ఇక్కడ నడిస్తే పర్లాకిమిడి, రాయగడల్లో ఒక్కో గదితో మొదలుపెట్టవచ్చు.

ముందు లెక్క తీయాలి. ఎంతమంది ఉన్నారు, ఏం చదివారు, ఎప్పుడు మానేశారు, రోజులో ఏ వేళల్లో పనిచేయగలరు? ఉగాది వేడుకలు అంత బాగా నడిపే మన తెలుగు సంఘాలు వార్డుల వారీగా ఈ వివరాలు సేకరిస్తే, కలెక్టరుగారి ముందు పెట్టడానికి చేతిలో ఆధారం ఉంటుంది. అందుకు కావలసిన ఫారం నేను తయారుచేసి ఇస్తాను. వచ్చిన వివరాలు క్రోడీకరించడానికి ఆదివారాలు కూర్చుంటాను. ముందుకొచ్చే సంఘాలు మీ పత్రికకు తెలియజేసేలా ఒక ప్రకటన వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా