టమాటాలో వేరుబుడిపెలు: ఏ రకం తట్టుకుంటుంది?

ప్రియమైన రాఘవా,

ఉత్తరం అందింది. మొక్కలు మధ్యాహ్నానికి వాలిపోయి సాయంత్రానికి తేరుకుంటున్నాయనీ, పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలున్నాయనీ రాశావు కనుక అది నులిపురుగే (మట్టిలో ఉండి వేర్లలోకి దూరే, కంటికి ఆనని సన్నటి పురుగు, నెమటోడ్), సందేహం లేదు. ఏ రకం వేయాలో ఒక్క పేరు చెప్పి ఊరుకోలేను. ప్యాకెట్టు మీద ఏం రాసి ఉన్నా, మీ మట్టిలోని పురుగు ముందు అది నిలుస్తుందో లేదో కుండీలో పెట్టి చూస్తేగాని తేలదు.

మేము ఇసుక కలిపిన మట్టిని ఆవిరి పట్టించి కుండీలు నింపుతాము. నారు నిలదొక్కుకున్నాక కాండం చుట్టూ సన్నటి గుంటలు చేసి, గుడ్ల నుంచి అప్పుడే బయటపడిన పిల్లపురుగులను, సాధారణంగా మొక్కకు 1000 చొప్పున, నీటితో పోస్తాము. ప్రతి వరుసలోనూ పూసా రూబీ ఉండి తీరాలి. సులభంగా లొంగిపోయే ఆ రకానికే బుడిపెలు రాలేదంటే పోసిన పురుగులే చచ్చాయన్నమాట. పక్క రకాల వేర్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు. సుమారు 45 రోజులకు కుండీని నీళ్ళ బకెట్టులో ముంచి, మట్టి తనంతట తాను జారేదాకా ఆగాలి. తొందరపడి లాగితే సన్నవేర్లు తెగి, మనం చూడవలసినదంతా మట్టిలోనే ఉండిపోతుంది. కడిగిన వేరును ఫ్లాక్సిన్ రంగునీళ్ళలో పావుగంట ఉంచితే ఆడపురుగులు పెట్టిన గుడ్లముద్దలు ఎర్రగా బయటపడతాయి. అవి ఒకటి రెండు ఉంటే 1, వంద దాటితే 5 అని మార్కు వేస్తాము.

పైన మొక్క పచ్చగా ఉందని మురిసిపోకు. పురుగును కడుపునిండా మేపుతూనే కాయ బాగా ఇచ్చే రకాలూ ఉంటాయి. ఈ ఏడు నీకు గిట్టుబాటైనా, వచ్చే పంటకు ఆ మట్టి మరింత చెడుతుంది. అందుకే నేను బుడిపెల కన్నా గుడ్లముద్దల లెక్కనే ఎక్కువగా నమ్ముతాను.

నిరోధక హైబ్రిడ్లలో చాలావాటికి బలం ఎంఐ అనే ఒకే జన్యువు. 1940లలో అమెరికాలో పెరూ అడవిజాతి టమాటాతో సంకరం చేసి, గింజ కట్టకముందే పిండాన్ని బయటికి తీసి పెంచి దీన్ని సాధించారు. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే దీని పట్టు సడలుతుంది. మీ మదనపల్లె వైపు ఎండాకాలపు పంటే ముఖ్యం కనుక, చలికాలంలో చేసిన పరీక్షను చూసి నీకు భరోసా ఇవ్వలేను. పైగా పక్కన జామతోట ఉందన్నావు. జామను ఎండబెట్టే ఎంటెరోలోబీ జాతి నులిపురుగును ఈ జన్యువు అసలే ఆపలేదు. వంగకైతే ఉస్తి మొక్క మీద అంటుకట్టే దారి ఉంది, దాని సంగతి మరోసారి రాస్తాను.

ముందు మట్టి పంపు. పైపొర తీసేసి, జానెడు లోతున వేర్ల చుట్టూ ఉన్న తడిమట్టిని అయిదారు చోట్ల తీసి, బుడిపెల వేర్లు కూడా కొన్ని వేసి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టు. ఎండబెట్టవద్దు, బస్సు డిక్కీలో వేయించవద్దు; ఉడికిపోయిన మట్టిలో మాకు లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

నీ
మోహన్